విమానం టైమ్ మారిందని మెయిల్ వచ్చిందా? ‘సరే’ నొక్కే ముందు కాస్త ఆగండి

సంక్రాంతికి ఇంటికి రావడానికో, వేసవిలో అమ్మానాన్నల్ని డాలస్ రప్పించుకోవడానికో ఆరేడు నెలల ముందే టికెట్లు కొనేస్తాం, చవగ్గా దొరికాయని సంబరపడి ఆ సంగతే మరిచిపోతాం. అప్పుడు దిగుతుంది మెయిల్. ‘మీ ప్రయాణ వివరాలు మారాయి’ అని ఒక లైను, దాని కింద గీత కొట్టేసిన పాత టైములు, పక్కన కొత్తవి, అన్నిటికంటే కింద ‘అంగీకరిస్తున్నాను’ అని పెద్ద బటన్. చాలామంది మారు మాట లేకుండా నొక్కేస్తారు, కంపెనీయే మార్చేసింది కదా, ఇక మనం చేసేదేముంది అని. చేసేది చాలానే ఉంది. కాకపోతే ఆ బటన్ నొక్కకముందే చేయాలి, ఎందుకంటే ఒప్పుకున్న తర్వాత వేరే విమానం కావాలంటే అది మీరు కోరుకున్న మార్పు అవుతుంది, దాని ఛార్జీ, పెరిగిన రేటు తేడా రెండూ మీ నెత్తినే పడతాయి.

అసలు ఇన్నిసార్లు ఎందుకు మారుస్తారు? విమాన సంస్థలు దాదాపు పదకొండు నెలల ముందు నుంచే టికెట్లు అమ్ముతాయి. అంత ముందు చూపించే టైమ్‌టేబుల్ ఒక అంచనా మాత్రమే. ప్రపంచమంతటా విమానాల షెడ్యూలు రెండు సీజన్లుగా నడుస్తుంది: మార్చి చివరి ఆదివారం వేసవి షెడ్యూలు, అక్టోబర్ చివరి ఆదివారం చలికాలం షెడ్యూలు మొదలవుతాయి. హీత్రూ, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి కిక్కిరిసిన విమానాశ్రయాల్లో ఏ సంస్థ ఏ నిమిషానికి దిగాలో, లేవాలో ఈ సీజన్ల లెక్కనే కేటాయిస్తారు, అవి ఖరారయ్యేసరికి మీరు టికెట్ కొని నెలలు గడిచిపోయి ఉంటాయి. దీనికి తోడు గడియారాల గొడవ ఒకటి. అమెరికా మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుగుతుంది, యూరప్ మార్చి చివరి ఆదివారం జరుగుతుంది, మనమూ గల్ఫ్ దేశాలూ అసలు కదలం. మళ్లీ వెనక్కి జరగడం యూరప్‌కి అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాకి నవంబర్ మొదటి ఆదివారం. అందుకే మార్చిలో, అక్టోబర్ ఆఖర్లో ప్రయాణాలు పెట్టుకున్నవాళ్లకి ఇరవై నిమిషాలో గంటో అటూ ఇటూ అయ్యే మెయిళ్లు తప్పవు.

ఇవి చిన్నవి. పెద్ద దెబ్బలు వేరే వైపు నుంచి వస్తాయి. విమానాల కొరత ఒకటి: బోయింగ్ 777ఎక్స్ మొదట 2020లో రావాల్సింది, ఇప్పుడు 2027 అంటున్నారు, దాన్ని నమ్ముకుని రూట్లు వేసుకున్న సంస్థలన్నీ పాత విమానాలతోనే సర్దుకుంటున్నాయి. గగనతలం మూతపడడం ఇంకొకటి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా మీదుగా ఎగిరే దారి అమెరికా, యూరప్ సంస్థలకి పోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేసింది, దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఇంధనానికి ఆగాల్సొచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసే ఆపేశారు. ముందే టికెట్లు కొన్నవాళ్ల ముందు వేరే విమానం, లేదా డబ్బు వాపసు, ఈ రెండే మిగిలాయి. 2025 జూన్ 23 రాత్రి ఖతార్ కొన్ని గంటలపాటు గగనతలం మూసేస్తే దోహా మీదుగా వెళ్లాల్సినవాళ్లు ఎక్కడెక్కడో దిగిపోయారు. మన హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లేవాళ్లలో చాలామంది దుబాయ్, దోహా, అబుదాబి మీదుగానే వెళ్తారు కాబట్టి ఆ ప్రాంతంలో ఏ చిన్న అలజడి జరిగినా శంషాబాద్‌లో దాని ప్రభావం కనిపిస్తుంది.

ఇక అసలు చిక్కుముడికి వద్దాం. మనం ‘టికెట్’ అని ఒకే మాట వాడతాం గానీ మీ దగ్గర రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి బుకింగ్, అంటే ఆరు అక్షరాల పీఎన్ఆర్. రెండోది టికెట్, అంటే 13 అంకెల నంబరు. కల్యాణమండపం రిజిస్టర్‌లో మీ పేరు రాసుకోవడం బుకింగ్ అయితే, డబ్బు కట్టినట్టు ఇచ్చిన రసీదు టికెట్. షెడ్యూలు మారినప్పుడు కంప్యూటర్ ముందు బుకింగ్‌ని మారుస్తుంది. పాత విమానం తీసేసి కొత్తది పెడుతుంది, మీకు మెయిల్ కొడుతుంది. కానీ టికెట్ మాత్రం చాలాసార్లు పాత విమానం పేరు మీదే ఉండిపోతుంది. దాన్ని కొత్త విమానానికి సరిపోయేలా ఎవరో ఒకరు తిరగరాయాలి, దీన్నే రీ-ఇష్యూ అంటారు (చిన్న మార్పయితే రీ-వాలిడేషన్‌తో సరిపోతుంది). అది చేయకపోతే యాప్‌లో అన్నీ పచ్చగా, నిక్షేపంగా కనిపిస్తాయి. తీరా అర్ధరాత్రి చెక్-ఇన్ కౌంటర్ దగ్గరికెళ్తే ‘మీ టికెట్ సింక్ కాలేదు సార్, పక్కకి వచ్చి నిలబడండి’ అంటారు. ఆ ‘పక్క’లో గంట గడిచిపోవడం, ఇంకో పక్క పెద్దవాళ్లు టెన్షన్ పడుతూ కొడుకుకి ఫోన్ మీద ఫోన్ చేయడం, ఇవన్నీ ఒక్క రీ-ఇష్యూ చేయించుకోనందుకు పడే పాట్లు. అందుకని మార్పు ఖాయం చేసుకున్నాక ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి సూటిగా ఒకటే ప్రశ్న అడగండి: ‘టికెట్ రీ-ఇష్యూ అయిందా? కొత్త విమానం నంబర్లతో ఈ-టికెట్ పంపుతారా?’

ఆ 13 అంకెల్లో మొదటి మూడు చూసుకోండి. 098 అయితే ఎయిర్ ఇండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతార్, 607 ఎతిహాద్, 220 లుఫ్తాన్సా, 125 బ్రిటిష్ ఎయిర్‌వేస్, 016 యునైటెడ్. ఈ అంకెలు ఎవరివైతే మీ టికెట్ వాళ్లది, దాన్ని సరిచేయాల్సింది కూడా వాళ్లే. ఇది ఎందుకు ముఖ్యమంటే కోడ్‌షేర్ అని ఒకటుంది కదా, యునైటెడ్ వెబ్‌సైట్‌లో కొంటాం, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ దాకా లుఫ్తాన్సా విమానం ఎక్కుతాం. లుఫ్తాన్సా తన టైమ్ మారిస్తే మనం లుఫ్తాన్సాకి ఫోన్ చేస్తాం, వాళ్లేమో టికెట్ యునైటెడ్‌ది అంటారు. ఇందులో మోసమేం లేదు, వాళ్ల చేతిలో నిజంగానే లేదు. మొదటి మూడంకెలు తెలిస్తే ఆ అరగంట హోల్డ్ మ్యూజిక్ తప్పుతుంది.

ఏజెంటు ద్వారా కొన్నవాళ్లకి ఇంకో పొర అదనం. వాట్సాప్‌లో టికెట్లు తీసే మన ఏజెంట్లయినా, చవక వెబ్‌సైట్లయినా, షెడ్యూలు మార్పు కబురు ముందు వాళ్ల సిస్టమ్‌లోని క్యూకి వెళ్తుంది. వాళ్లు చూసి మీకు చెప్తే చెప్పినట్టు, లేకపోతే లేదు. బుకింగ్‌లో మీ ఫోన్ నంబరు, మెయిల్ బదులు ఏజెంటువే పెట్టడం మామూలే. కొన్న రోజే ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి మీ పీఎన్ఆర్ తెరిచి మీ నంబరూ మెయిలూ ఎక్కించుకుంటే సగం తలనొప్పి అక్కడే పోతుంది. మార్పు వచ్చాక ఎయిర్‌లైన్ ‘ఏజెంటుని అడగండి’ అని, ఏజెంటు ‘ఎయిర్‌లైన్ ఇంకా ఓకే చెప్పలేదు’ అని బంతాట మొదలుపెడితే ఏజెంటుని ఇలా అడగండి: ఈ మార్పుకి ఎయిర్‌లైన్ వేవర్ (ఛార్జీ లేకుండా మార్చుకునే అనుమతి) ఇచ్చిందా, ఇస్తే ఏ తేదీల దాకా ఉచితంగా మార్చొచ్చు? షెడ్యూలు మార్పులకి దాదాపు ప్రతి సంస్థకీ ఒక పాలసీ ఉంటుంది, ఏజెంట్లకి అది అందుబాటులో ఉంటుంది. ఈ మాట తెలిసినవాడు అడిగితే జవాబు వేరేగా ఉంటుంది.

మెయిల్ చూడగానే మనం చూసేది బయల్దేరే టైమ్. నిజానికి ముందు చూడాల్సింది మధ్యలో ఆగే చోటు. హైదరాబాద్ విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరేలా మారిందనుకోండి, చూడ్డానికి ఏమీ లేదు, కానీ గల్ఫ్‌లో మీకున్న గంటా నలభై నిమిషాల వ్యవధి గంటకి పడిపోయింది. కంప్యూటర్‌కి అది సమ్మతమే, ఎందుకంటే ప్రతి విమానాశ్రయానికీ ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మారడానికి కనీస సమయం అని ఒకటి రాసి ఉంటుంది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో అయితే 45 నిమిషాలే. దానికి ఒక్క నిమిషం ఎక్కువున్నా సిస్టమ్ దృష్టిలో మీ ప్రయాణం బాగానే ఉంది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వీల్‌చైర్ కోసం ఆగి, సెక్యూరిటీ దాటి, ఇంకో టెర్మినల్‌కి రైల్లో వెళ్లాలన్న సంగతి ఆ లెక్కలో లేదు. అమెరికాలో దిగాక ఇంకో దేశీయ విమానం ఉంటే ఇంకా జాగ్రత్త: మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, అక్కడే సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించడం, మళ్లీ సెక్యూరిటీ. షికాగోలో గంటన్నర వ్యవధి నన్నడిగితే వ్యవధే కాదు. అబుదాబి మీదుగా వచ్చేవాళ్లకి మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, దిగాక దేశీయ ప్రయాణికుల్లా బయటికొచ్చేస్తారు. పెద్దవాళ్ల కోసం ఎంచుకునేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

తేదీ విషయంలో ఇంకో మెలిక. మన అంతర్జాతీయ విమానాల్లో చాలావరకు నడిరేయి దాటాకే. 14వ తేదీ రాత్రి 11:50కి ఉన్న విమానం 12:30కి మారిందనుకోండి, మార్పు నలభై నిమిషాలే, కానీ టికెట్ మీద తేదీ 15 అయిపోతుంది. ‘ఓహో, 15కి మారిందా’ అనుకుని 15 రాత్రి భోంచేసి తీరిగ్గా ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరేవాళ్లు ఉంటారు, అప్పటికి ఆ విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు. ఇంట్లో పెద్దవాళ్లకి తేదీ చెప్పేటప్పుడు ‘మంగళవారం రాత్రి తొమ్మిదికి ఇంట్లోంచి బయల్దేరాలి’ అని చెప్పండి, విమానం టైమ్ చెప్పకపోయినా పర్లేదు.

హక్కుల సంగతి. అమెరికాకి వచ్చే, అక్కడి నుంచి వెళ్లే విమానాలన్నిటికీ, అది గల్ఫ్ సంస్థయినా మన ఎయిర్ ఇండియా అయినా, అమెరికా రవాణా శాఖ నిబంధన ఒకటి 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. అంతర్జాతీయ ప్రయాణంలో బయల్దేరడం ఆరు గంటలు లేదా అంతకంటే ముందుకు జరిగినా, చేరడం ఆరు గంటలు లేదా అంతకంటే ఆలస్యమైనా, బయల్దేరే లేదా దిగే విమానాశ్రయం మారినా (న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయం బదులు దగ్గర్లోని నెవార్క్ అన్నా సరే), మధ్యలో ఆగే చోట్లు పెరిగినా, కింది తరగతికి దించినా అది పెద్ద మార్పే. అలాంటప్పుడు మీరు కొత్త ప్రయాణం వద్దంటే నాన్-రిఫండబుల్ టికెట్ అయినా సరే పూర్తి డబ్బు వాపసు ఇవ్వాలి, వోచర్ తీసుకోమని బలవంతం చేయకూడదు. క్రెడిట్ కార్డుతో కొంటే ఏడు పని దినాల్లో, వేరే పద్ధతిలో కొంటే 20 రోజుల్లో. డబ్బు ఎవరివ్వాలి అన్నదానికి మీ కార్డు స్టేట్‌మెంట్ చూడండి, అక్కడ ఏజెంటు పేరుంటే ఏజెంటు, ఎయిర్‌లైన్ పేరుంటే ఎయిర్‌లైన్.

ఇందులో ఒక సందు ఉంది. విమానం నాలుగున్నర గంటలు ముందుకు జరిగి, చేరడం ఐదు గంటలు ఆలస్యమైతే మీ ప్రయాణం మొత్తం తొమ్మిదిన్నర గంటలు పెరిగింది. కానీ రెండు వైపులా విడివిడిగా ఆరు గంటలు తగల్లేదు, కాబట్టి ఈ టైముల లెక్కన నిబంధన మీకు అక్కరకి రాదు. అప్పుడు ఎయిర్‌లైన్ సొంత పాలసీయే దిక్కు, అది చాలాసార్లు చట్టం కంటే ఉదారంగానే ఉంటుంది, అడిగితే.

యూరప్ నిబంధన, 261/2004 అని పిలిచేది, వేరే రకం. యూరప్ నుంచి బయల్దేరే ఏ సంస్థ విమానానికైనా, బయటి నుంచి యూరప్‌కి వచ్చేవాటిలో యూరప్ సంస్థల విమానాలకీ వర్తిస్తుంది. రద్దు కబురు 14 రోజుల లోపు చెప్తే 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి 600 యూరోల దాకా పరిహారం రావచ్చు, అసాధారణ పరిస్థితులైతే రాదు. విమానాన్ని గంటకి మించి ముందుకు జరిపితే దాన్ని రద్దు కిందే లెక్కేయాలని యూరప్ కోర్టు 2021 డిసెంబర్‌లో చెప్పింది. అంతకుముందు ‘రద్దు చేయలేదు, టైమే మార్చాం’ అనేవాళ్లు. నెలల ముందు చెప్పే మార్పులకి మాత్రం ఈ పరిహారం రాదు, వేరే విమానమో డబ్బు వాపసో కోరుకునే హక్కు మిగులుతుంది. మన దగ్గర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం కూడా విమానం రద్దయితే ప్రత్యామ్నాయ విమానమా, డబ్బు వాపసా అన్నది ప్రయాణికుడి ఇష్టం. ఏజెంటు ద్వారా కొన్నా డబ్బు తిరిగొచ్చేలా చూడాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే, విదేశీ సంస్థలకి మాత్రం రీఫండ్ విషయంలో వాళ్ల దేశం రూల్సు.

ఇంత చెప్పాక నా అభిప్రాయం ఏమిటంటే, డబ్బు వాపసు హక్కు చాలామందికి పెద్దగా పనికిరాదు. జూన్‌లో కొన్న డిసెంబర్ టికెట్‌కి నవంబర్‌లో డబ్బు తిరిగిస్తే ఆ డబ్బుతో ఇంకో టికెట్ రాదు, క్రిస్మస్ సెలవుల్లో రేట్లు ఎలా ఉంటాయో తెలిసిందే. మీకు కావాల్సింది పాత ధరకే నచ్చిన విమానం. అది ఇప్పించుకోవడానికి షెడ్యూలు మార్పు ఒక మంచి అవకాశం కూడా. ముందు ఎప్పుడో చవగ్గా ఉందని రెండు చోట్ల ఆగే టికెట్ కొన్నారనుకోండి, ఇప్పుడు అదే సంస్థలో ఒకే చోట ఆగేది ఖాళీ ఉందేమో చూడండి, మామూలు రోజుల్లో వేల రూపాయలు అడిగే మార్పు ఇలాంటప్పుడు ఉచితంగా జరగొచ్చు.

దానికి ముందే కొంత హోంవర్క్ చేయాలి. ఫోన్ తీసేముందు ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో మీ తేదీకి ఒకట్రెండు రోజులు అటూ ఇటూ ఏ విమానాల్లో సీట్లు అమ్ముతున్నారో చూసి నంబర్లు రాసి పెట్టుకోండి. ‘ఏదైనా మంచిది చూడండి’ అంటే ఫోన్లో అవతలివాళ్లకి ఓపిక ఉండదు. ‘18వ తేదీ ఫలానా నంబరు విమానం, దాని తర్వాత ఫలానాది, రెండిట్లో సీట్లున్నాయి’ అంటే రెండు నిమిషాల పని. మీరే మార్పు కోరుతున్నట్టు మాట్లాడకండి, ‘మీరు మార్చిన షెడ్యూలు నాకు కుదరదు’ అని మొదలుపెట్టండి. ఎత్తినవాళ్లు కుదరదంటే గొడవ పడకుండా పెట్టేసి కాసేపాగి మళ్లీ చేయండి, ఇంకొకరు ఎత్తుతారు, ఒకే పాలసీని ఇద్దరు రెండు రకాలుగా చదవడం ఈ వ్యవహారంలో రోజూ జరిగేదే. ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు: విసుగొచ్చి వెబ్‌సైట్‌లో ‘క్యాన్సిల్’ మీరే నొక్కేయడం. అది మామూలు రద్దుగా నమోదైతే కోత పెట్టి మిగిలింది ఇస్తారు, ఆ తర్వాత మీ వాదన గోడకి చెప్పుకున్నట్టే.

కొత్త విమానం ఖాయమయ్యాక సీట్లు, భోజనం, వీల్‌చైర్ మూడూ మళ్లీ చూసుకోండి. డబ్బు కట్టి తీసుకున్న సీట్లు కూడా విమానం మారితే గల్లంతవుతాయి, అమ్మ ఒక వరసలో నాన్న ఇంకో వరసలో తేలతారు. వీల్‌చైర్ అభ్యర్థన కొత్త విమానంలోకి వచ్చిందో లేదో నోటితో అడిగి తెలుసుకోవాలి.

దారి మారితే వీసా సంగతి మర్చిపోవద్దు. దోహా బదులు యూరప్ మీదుగా పంపుతామంటే పెద్దవాళ్ల పాస్‌పోర్టులో చెల్లే అమెరికా వీసా ఉందా అని చూడాలి, అది ఉంటే లండన్ లాంటి చోట్ల ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కడానికి ఇబ్బంది ఉండదు. హెచ్-1బీ మీద ఉండి స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వేసే అమెరికా వీసా) గడువు అయిపోయి, ఇండియాలో కొత్త స్టాంపింగ్ కోసం వస్తున్నవాళ్లు మాత్రం యూరప్ దారి ఒప్పుకునే ముందు ఆ దేశం కాన్సులేట్ సైట్ చదవండి, ట్రాన్సిట్ వీసా అవసరమయ్యే చోట బోర్డింగే ఇవ్వరు. గల్ఫ్ దారికే మార్చమని అడగడానికి ఇది సరైన కారణం కూడా.

విశాఖ నుంచో గన్నవరం నుంచో శంషాబాద్‌కి విడిగా ఇంకో టికెట్ కొనుక్కునేవాళ్ల పరిస్థితి వేరు. అంతర్జాతీయ విమానం మారితే దేశీయ టికెట్ దానంతటది మారదు, ఆ డబ్బు మీదే. తిరగేస్తే ఇంకా ఘోరం, దేశీయ విమానం రద్దయి అమెరికా విమానం తప్పిపోతే అమెరికా విమానం సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికుడు మాత్రమే. 2025 డిసెంబర్ మొదట్లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసినప్పుడు ఈ ప్రమాదం ఎంత పెద్దదో తెలిసొచ్చింది. వీలైతే విశాఖ నుంచి గమ్యం దాకా ఒకే టికెట్ మీద కొనండి, నాలుగు వేలు ఎక్కువైనా సరే. లేదా ముందు రోజే హైదరాబాద్ చేరండి, మన వాళ్లకి అక్కడ చుట్టాలు లేకపోవడం అరుదు కదా.

చివరిగా, విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల రిటర్న్ టికెట్. సాధారణంగా ఐ-94 మీద, అంటే ఎప్పటిదాకా అమెరికాలో ఉండొచ్చో చెప్పే రికార్డు మీద, ఆరు నెలలు ఇస్తారు, మనమేమో మనవడితో ఇంకో నాలుగు రోజులు ఉంటారని సరిగ్గా ఆఖరి రోజుకి టికెట్ తీస్తాం. ఆ విమానం ఒక రోజు ఆలస్యానికి మారితే గడువు దాటి ఉన్నట్టవుతుంది. అలాంటి మెయిల్ వస్తే ఆ రోజే ఫోన్ చేసి గడువులోపు విమానం అడగండి, ఐ-94 తేదీ కారణంగా చెప్పండి. ఇంకా టికెట్ కొననివాళ్లయితే ఆ తేదీకి కనీసం పది రోజుల ముందు రిటర్న్ పెట్టుకోండి, మీరు కొనే రూట్లో విమానం రోజూ లేకపోతే ఇంకో వారం కూడా కలుపుకోండి.